వయసుకు వంద కలిపితే బీపీ: ఒక లెక్క తప్పిన కథ

"వయసు మీద పడింది కదా, బీపీ పెరగడం మామూలే." ఈ మాట మన ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఒకప్పుడు డాక్టర్లు కూడా ఇదే అనేవారు. వయసుకు వంద కలిపితే ఎంత వస్తుందో అదే మామూలు బీపీ అని లెక్క! ఆ లెక్క ఎలా తప్పిందో ఈరోజు చూద్దాం.

1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మెదడులో రక్తస్రావమై చనిపోయారు. వయసు 63. ఆ రోజు ఆయన బీపీ ఎంతో తెలుసా? 300/190. దేశాధ్యక్షుడికే ఇవ్వడానికి అప్పట్లో సరైన మందు లేదు.

మూడేళ్లకు, 1948లో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రామింగ్‌హామ్ అనే చిన్న ఊళ్లో ఒక అధ్యయనం మొదలైంది. 5,209 మంది ఆడా మగా చేరారు. రెండేళ్లకోసారి పరీక్షలు. ఎవరికి గుండెజబ్బు వస్తోంది, ఎవరు చనిపోతున్నారు అని రాసుకుంటూ పోయారు. బీపీ, కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లకే గుండెజబ్బు ఎక్కువని 1961లో తేల్చారు. "రిస్క్ ఫ్యాక్టర్" అనే మాట అక్కడినుంచే వాడుకలో స్థిరపడింది.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. అధ్యయనం ఆగలేదు, అందులోని మనుషులు ముసలివాళ్లయ్యారు. అప్పుడు లెక్కలు మారాయి. యాభై లోపువాళ్లలో కొలెస్ట్రాల్ ఎక్కువుంటే మరణాలూ ఎక్కువే. యాభై దాటాక ఆ సంబంధం అంత సూటిగా కనబడలేదని 1987లో ప్రకటించారు. పైగా కొలెస్ట్రాల్ దానంతటదే తగ్గుతూ వచ్చినవాళ్లలో మరణాలు ఎక్కువ కనిపించాయి. ఎందుకు? లోపల ముదురుతున్న వేరే జబ్బు కూడా కొలెస్ట్రాల్‌ని తగ్గించగలదు. అంటే ఒకే అంకెకు నలభైలో ఒక అర్థం, డెబ్బైలో ఇంకో అర్థం.

బీపీ కూడా అంతే. యాభై లోపు కింది అంకె ముఖ్యం. అరవై దాటాక రక్తనాళాలు సాగే గుణం పోయి గట్టిపడతాయి. పై అంకె పెరుగుతుంది, కింది అంకె తగ్గుతుంది. అప్పుడు పై అంకే ఎక్కువ ముఖ్యం.

మరి పెద్దవాళ్లకు మందులిస్తే లాభముందా? అరవై దాటిన 4,736 మందిపై అమెరికాలోనే జరిగిన పరీక్ష ఫలితం 1991లో వచ్చింది. మందు వాడినవాళ్లలో పక్షవాతం 36 శాతం తగ్గింది!

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ల బీపీ 170 ఉంటే "వయసు కదా" అని వదిలేయకండి. మందులు సొంతంగా మానేయకండి, డాక్టరునే అడగండి. మామూలే అనుకున్నదాని వల్లే ఎంతమంది పోయారో ఆ ఊరి లెక్కల్లో ఉంది.