అరిసె వెనక ఎన్ని చేతులు

అరిసె తినడానికి రెండు నిమిషాలు చాలు. చేయడానికి మాత్రం ఒకప్పుడు రెండు రోజులు, కనీసం నలుగురు ఆడవాళ్లు కావలసి వచ్చేది. ముందురోజే బియ్యం నానబోసి, మధ్యలో నీళ్లు మార్చి, మర్నాడు వార్చి, తడి పోకముందే రోట్లో పోయాలి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రోకళ్లు వేస్తుంటే మూడో ఆమె జల్లెడ పట్టేది. జల్లెడలో నిలిచిన రవ్వ మళ్లీ రోట్లోకే పోయేది. ఈలోగా పెద్దావిడ పొయ్యి దగ్గర బెల్లం పాకం చూసేది. నీళ్ల గిన్నెలో చుక్క వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. పాకం ముదిరితే అరిసెలు గట్టిపడతాయి, లేతగా ఉంటే నూనెలో విడిపోతాయి. పాకం దించగానే ఒకరు పిండి పోయాలి, ఒకరు ఆపకుండా తిప్పాలి. ఆ తరువాత తట్టేవారు, వేయించేవారు, చెక్కల మధ్య నొక్కి నూనె పిండేవారు. ఒంటరిగా చేసుకునే వంటగా అరిసె ఎప్పుడూ లేదు.

సంక్రాంతికి ముందు వారం తిరువూరు చుట్టుపక్కల పల్లెల్లో ఈ పనంతా ఎలాంటి రోజుల్లో జరిగేదో గుర్తుచేసుకోవాలి. పొలంలో పంట ఉన్న రోజులవి. మిరపకాయ కోతకొస్తుంది, పత్తి తీయాలి, ధాన్యం ఇంటికి చేర్చాలి. పగలు చేలో వంగిన నడుమే రాత్రి రోటి దగ్గర నిలబడేది. తీరిక లేని ఇల్లు అనగానే ఇద్దరూ ఉద్యోగాలు చేసే నగరపు ఇల్లు గుర్తొస్తుంది ఇప్పుడు. కానీ మెట్ట రైతు ఇంటి ఇల్లాలికి ఉన్నంత తీరికలేనితనం ఏ ఆఫీసూ ఇవ్వలేదు.

తిరువూరు పాత కృష్ణా జిల్లాలోనే ఉన్నా డెల్టా ఊరు కాదు. ఇది జిల్లా ఉత్తరపు అంచు, ఎర్రనేలలూ మామిడి తోటలూ ఉన్న మెట్ట. దానికి ఎగువనే నిజాం రాజ్యపు సరిహద్దు ఉండేది. 1948లో ఆ రాజ్యం పోయింది. 1956లో రెండు వైపులూ ఒకే ఆంధ్రప్రదేశ్ అయ్యాయి. 2014లో మళ్లీ గీత పడింది. ఇప్పుడు తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలో, పక్కనున్న పెనుబల్లి తెలంగాణలో ఉన్నాయి. గీతలు ఎన్ని మారినా పండగ పళ్లెం తన దారిన తాను ఉంది. విజయవాడ వైపు చక్రాలు, జంతికలు గొట్టంలోంచి వస్తాయి. ఓరుగల్లు వైపు వెళ్లేకొద్దీ గొట్టం పక్కకు పోయి, తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి వేళ్లతోనే బట్ట మీద చుట్లు తిప్పే సకినాలు వస్తాయి. సకినాలకైతే ఇరుగుపొరుగు చేతులు ఇంకా ఎక్కువ కావాలి.

ఈ మెట్టలో అరిసెకు మరో విలువ కూడా ఉండేది. కాలువలు రాకముందు రోజూ ఉడికింది జొన్న. జొన్నలు దంచి, చెరిగి, తిరగలి పట్టి, సంకటో రొట్టో చేస్తే గాని పూట గడిచేది కాదు. మెట్ట ఊళ్లలో చాలా ఇళ్లకు వరి అన్నం పండగ తిండి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం దాటి కృష్ణా మెట్ట చివరి భూముల దాకా వచ్చింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడంతో కాలువ తగలని ఇళ్లలోనూ జొన్న వెనక్కి తగ్గింది. బలం విషయంలో జొన్నను పోగొట్టుకోవడం నష్టమే. అయితే రోజూ తెల్లవారుజామున ఆడవాళ్లు చేసిన దంపుడు పని పోయిందన్న సంగతి ఆ నష్టం గురించి మాట్లాడేవాళ్లు మరిచిపోకూడదు.

యంత్రాలు లేని కాలంలో ఆ ఇళ్లు పనిని ఎలా దాటాయన్నదానికి జవాబు నిల్వలో ఉంది. పని తక్కువున్న రోజుల్లో, నలుగురు దొరికినప్పుడు చేసి పెట్టుకోవడం, పని మీద పడిన రోజుల్లో తీసి తినడం. వేసవిలో పెట్టిన ఆవకాయ ఏడాది పొడవునా పూటకు ఆసరా అయ్యేది. ఉప్పు, ఆవపిండి, కారం, పైన తేలే నూనె కలిసి ముక్కను కాపాడతాయి. నూజివీడు నుంచి విస్సన్నపేట, తిరువూరు దాకా మామిడి తోటలే కాబట్టి కాయకు కొదవ లేదు. జాడీలో ఆవకాయ, సీసాలో కందిపొడి ఉంటే వేడన్నం, నెయ్యి చాలు. నాట్ల రోజున కూర వండకపోయినా ఎవరూ పస్తుండరు.

పిండివంటలదీ అదే లెక్క. అరిసెలో తేమ తక్కువ, బెల్లం ఎక్కువ, పైగా నూనెలో వేగింది. డబ్బాలో పెడితే వారాలు నిలుస్తుంది. చక్రాలు, చెక్కలు కూడా అంతే. సున్నుండలో నీటి చుక్కే ఉండదు. సెలవులకు పిల్లలొస్తే, చుట్టం దిగితే, పొలం వెళ్లేవాడు మూట కట్టమంటే డబ్బా మూత తీస్తే చాలు. పులిహోరకు ఉడికించిన చింతపండు గుజ్జు ముందే తిరగమోత పెట్టి ఉంచుకుంటే అన్నం కలిపే పనే మిగులుతుంది. ఇప్పుడు పొట్లాల్లో అమ్మే తేలిక వంటంతా ఈ పాత ఏర్పాటులోంచే పుట్టింది.

ఈ ఏర్పాటు ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నంతకాలం నడిచింది. పెళ్లయి మద్రాసో హైదరాబాదో వెళ్లిన అమ్మాయికి పాకం చూసి చెప్పే అత్తా లేదు, రోకలి అందుకునే పక్కింటి వదినా లేదు. ఆ ఖాళీని నింపిన మనిషి తిరువూరుకు దగ్గరలోనే పుట్టింది. మాలతీ చందూర్‌ది నూజివీడు. పెళ్లి తరువాత మద్రాసులో స్థిరపడిన ఆమె ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికను దాదాపు ఐదు దశాబ్దాలు నడిపారు. తెలుగు ఇంట పెరిగిన ఆడపిల్లలు తల్లిని అడగలేనివన్నీ ఆ పేజీకి రాసి అడిగారు. ‘హృదయనేత్రి’ నవలకు 1992లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 2013 ఆగస్టులో ఆమె చెన్నైలో కన్నుమూశారు.

సాహిత్య చరిత్రలు ఆమె నవలల గురించి రాస్తాయి. ఇళ్లలో మాత్రం నూనె మరకలు పడి, అట్ట ఊడిన ‘వంటలు-పిండివంటలు’ పుస్తకం రూపంలో ఆమె ఉన్నారు. మళ్లీ మళ్లీ అచ్చయిన ఆ పుస్తకాన్ని పెళ్లి కానుకగా ఇచ్చిన తల్లిదండ్రులున్నారు. అంతకుముందు వంట నోటి మాటగా, చేతి అంచనాగా, ఒక వంటింటి నుంచి ఇంకో వంటింటికి వెళ్లేది. పుస్తకం దాన్ని కొలతల్లోకి తెచ్చింది. కొలత వచ్చాక కొత్త కోడలు ఎవరి ముందూ తల వంచుకోనక్కర్లేకపోయింది. నవల రాసిన చేత్తో వంట పుస్తకం రాయడాన్ని చిన్న పనిగా చూసే అలవాటు మనకుంది. నిజానికి ఆ కాలపు తెలుగు స్త్రీ చేతికి అందిన అతి పనికొచ్చే పుస్తకాల్లో అది ఒకటి.

పుస్తకం వచ్చినా రోలు కదల్లేదు. దాన్ని కదిపినవి మోటార్లు. 1955లో కోయంబత్తూరులో పి. సభాపతి విద్యుత్తుతో తిరిగే రుబ్బురోలు తయారుచేశారు. ఇడ్లీ పిండి, గారెల పిండి రుబ్బే గంట పనిని అది మనిషి భుజం మీద నుంచి దించింది. 1959లో ప్రెస్టీజ్, హాకిన్స్ కుక్కర్లు మన దేశంలో తయారై వచ్చాయి. ఆవిరి ఒత్తిడితో నీరు 100 డిగ్రీలు దాటి 120 దగ్గర మరగడం వల్ల కందిపప్పు మూడో వంతు సమయంలోనే మెత్తబడుతుంది. 1963 నాటి సుమీత్ మిక్సీ కథ ఇంకా బాగుంటుంది. ఇంట్లో ఉన్న జర్మనీ మిక్సీ మోటారు మన పప్పులు, మసాలాలు రుబ్బలేక కాలిపోయింది. మాధురీ మాథుర్ భర్తతో, దీనికి తట్టుకునేది నువ్వు చేసి చూపించమన్నారట. ఇంజనీరైన సత్యప్రకాశ్ మాథుర్ చేసి చూపించారు. ఇండియన్ ఆయిల్ ఇండేన్ గ్యాస్ 1965లో కలకత్తాలో మొదలైంది.

ఇవన్నీ పల్లెకు చేరడానికి తరం పట్టింది. కట్టెల పొయ్యి ముందు పొగలో కూర్చుని సంక్రాంతి మూకుళ్లు దించిన ఆడవాళ్లకు 1999లో చంద్రబాబు ప్రభుత్వం మొదలుపెట్టిన దీపం గ్యాస్ కనెక్షన్ల పథకం పెద్ద మలుపు. సిలిండరు డబ్బు ఎక్కువై చాలామంది పండగకూ చుట్టాలకూ మాత్రమే గ్యాస్ వెలిగించి, రోజువారీకి కట్టెలే వాడారు. అయినా ఒకసారి పొగలేని వంట చూశాక వెనక్కి పోవడం కష్టం. 2016లో కేంద్రం అలాంటిదే ఉజ్జ్వల పథకం తెచ్చింది. 2024లో రాష్ట్రం దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం చేసింది.

యంత్రం రుబ్బడాన్ని, దంచడాన్ని తగ్గించింది గాని వేయించడాన్ని తగ్గించలేదు, నిలబడి కనిపెట్టుకుని ఉండడాన్ని అసలే తగ్గించలేదు. పైగా పని తేలికైంది కాబట్టి ఒక్కరే చేయగలరన్న మాట పుట్టింది. రోటి చుట్టూ చేరిన నలుగురూ ఎవరి మిక్సీ దగ్గరకు వాళ్లు వెళ్లిపోయారు. దంచుతూ పాడిన సువ్వి పాటలు, ఒకరింట ఇవాళ, ఇంకొకరింట రేపు అన్న వంతులు, కబుర్లు అన్నీ ఆగిపోయాయి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే ఇస్తున్నారని తేలింది. ఇంటి పనిలో చెయ్యి వేసిన పురుషులు ఇచ్చింది 97 నిమిషాలు. ఇంటి పనిలో పాల్గొన్న పురుషులే నూటికి 26 మంది. కుక్కరు, మిక్సీ, గ్యాసు వచ్చాక కూడా ఐదు గంటలు! పండగ వారంలో అది ఎంతకు పోతుందో తెలుగు ఇంటికి సర్వే చెప్పనక్కర్లేదు.

చేతుల కొరతను బజారు తీర్చింది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో మిఠాయి ఊళ్లకు కొదవ లేదు. శనగపిండి కారప్పూస వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో తొక్కి చేసే బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పల్చటి పొరను కాలిన కుండ మీద తీసే ఆత్రేయపురం పూతరేకులకు 2023లో వచ్చింది. ఇవి ఇంట్లో చేయడానికి కుదరని నైపుణ్యాలు, అందుకే మొదటి నుంచీ కొనుక్కునేవే. అరిసెలు, చక్రాలు అలా కావు. వాటిని కొనడం నామోషీ అనుకునే రోజులుండేవి. ఆ నామోషీ పోగొట్టినవి స్వగృహ పేరుతో నగరాల్లో వెలసిన దుకాణాలు, 1980లో రామోజీరావు మొదలుపెట్టిన ప్రియా పచ్చళ్లు, పొదుపు సంఘాల్లో చేరిన మహిళలు పెట్టుకున్న చిన్న చిన్న పొయ్యిలు.

ఇప్పుడు సంక్రాంతికి ముందు పట్టణాల్లో సందు మొదట్లో పెద్ద మూకుడు పెట్టుకుని, కిలోల లెక్కన ఆర్డర్లు చేసిచ్చే ఆడవాళ్లు కనిపిస్తారు. పిండి, బెల్లం, నూనె మనమే ఇస్తే చేతికూలి తీసుకుని వండిపెట్టేవాళ్లూ ఉన్నారు. విజయవాడ కొరియర్ దుకాణాల నుంచి అమెరికాలో ఉన్న పిల్లలకు అరిసెల పెట్టెలు వెళతాయి. ఇందులో పోగొట్టుకున్నది కన్నా దక్కిందే ఎక్కువ. నిన్నటిదాకా ఇంట్లో జీతం లేకుండా జరిగిన పనికి ఇవాళ కూలి ముడుతోంది. కొనేవారు బేరం ఆడేటప్పుడు ఆ పొయ్యి ముందు నిలబడ్డ గంటలు లెక్కలో వేసుకోవాలి.

అన్నీ కొననక్కర్లేదు కూడా. పండగ పదిహేను రోజులుందనగా ఒక ఆదివారం సున్నుండలు కానిచ్చేయొచ్చు. రెండు గ్లాసుల మినప్పప్పు, చెంచాడు బియ్యం కమ్మగా వేయించి మిక్సీలో పొడి చేసి, గ్లాసున్నర బెల్లం తురుము కలిపి మళ్లీ ఒక తిప్పు తిప్పాలి. వేడి నెయ్యి పోసి ఉండలు చుట్టాలి. పాకం లేదు, మూకుడు లేదు. ఉండలు చుట్టే పని పదేళ్ల పిల్లాడూ చేస్తాడు, వాడి తండ్రీ చేస్తాడు. వారం ముందు చక్రాలు వేసుకోవాలి. నాలుగు పాళ్ల బియ్యప్పిండికి ఒక పాలు మినప్పిండి, వాము, నువ్వులు, గుల్లగా రావడానికి కాస్త వెన్న కావాలి. గొట్టం ఒకరు తిప్పితే మూకుడు ఇంకొకరు చూసుకుంటారు. అరిసెలకు తడి బియ్యం పట్టే మిల్లు దగ్గర వరుస కట్టాలి, కాబట్టి పక్కింటివాళ్లతో కలిసి చేయగలిగితేనే ఇంట్లో, లేకపోతే ఆర్డరు.

కనుమ నాడు మినుము తినాలన్న మాట ఉంది కాబట్టి గారెలు తప్పవు. నిల్వకు లొంగని పండగ వంట అది. రాత్రి పప్పు నానబోసి పొద్దున గ్రైండరు తిప్పి వేడివేడిగా వేయాల్సిందే. నానబోయడం గుర్తుపెట్టుకునేది, గ్రైండరు కడిగేది ఎవరో భోగి నాటి రాత్రే ఇంట్లో తేల్చుకుంటే మంచిది.