కిల్టు: ఎంపిక, ధారణ

కిల్టు స్కాట్లాండు ఉత్తరాన హైలాండ్స్ కొండసీమలో పుట్టిన మగవారి ఉడుపు. నడుము నుంచి మోకాలి దాకా వచ్చే గళ్ళ ఉన్నిబట్ట ఇది. ముందువైపు ఒకదానిమీద ఒకటి పడే రెండు చదును పొరలు, వెనకంతా కుట్టి బిగించిన కుచ్చిళ్ళు ఉంటాయి. నేటి స్కాట్లాండులో చాలామందికి ఇది రోజూ కట్టే బట్ట కాదు. పెళ్ళిళ్ళలో, జనవరి 25న కవి రాబర్ట్ బర్న్స్ పేరిట జరిగే విందుల్లో, నవంబరు 30న సెయింట్ ఆండ్రూ దినాన, హైలాండ్ క్రీడోత్సవాల్లో, ఫుట్‌బాల్, రగ్బీ పోటీల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఒకే కిల్టు రాత్రి విందుకూ సరిపోతుంది, మర్నాడు మైదానానికీ సరిపోతుంది. మారేదల్లా పైన వేసే కోటు, ముందు వేలాడే సంచి, మేజోళ్ళు, బూట్లు. అందుకే కిల్టు కొనేవారు ముందుగా చూసుకోవలసినవి బట్ట, కొలత. సందర్భానికి తగ్గ హంగు మిగతా వస్తువులతో వస్తుంది.

చరిత్ర

16వ శతాబ్దం చివరినాటికి హైలాండర్లు కట్టినది కుట్టుపని లేని పెద్ద కిల్టు. పొడవాటి ఉన్నిగుడ్డకు చేత్తో కుచ్చిళ్ళు పెట్టి, నడుముకు తోలుపట్టీ బిగించేవారు. మిగిలిన పైభాగాన్ని భుజం మీద వేసుకునేవారు, వాన వస్తే తలమీదికి లాక్కునేవారు. రాత్రికి అదే దుప్పటి. 18వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో పైభాగం పోయి, కింది సగమే మిగిలిన చిన్న కిల్టు వ్యాపించింది. దీన్ని 1720ల ప్రాంతంలో గ్లెన్‌గ్యారీలో ఇనుప కొలిమి నడిపిన థామస్ రాలిన్సన్ అనే ఆంగ్లేయుడు తన పనివాళ్ళ కోసం రూపొందించాడని 1785లో అచ్చయిన ఒక లేఖ చెబుతుంది. అంతకుముందే అది వాడుకలో ఉందంటూ ఈ మాటను కాదనేవారూ ఉన్నారు.

1746 ఏప్రిల్‌లో కల్లోడెన్ యుద్ధంలో, గద్దె పోయిన రాజవంశాన్ని తిరిగి నిలపాలని హైలాండర్ల అండతో పోరాడిన జాకొబైట్ తిరుగుబాటుదారులు ఓడిపోయారు. ఆ ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు హైలాండ్ దుస్తులను నిషేధించింది. తొలిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు, రెండోసారి అయితే ఏడేళ్ళ ద్వీపాంతరవాసం. సైన్యంలోని హైలాండ్ పటాలాలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. 1782లో నిషేధం తొలగేసరికి కిల్టు ఊళ్ళలో కంటే సైన్యంలోనే గట్టిగా నిలిచి ఉంది. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరోకు వచ్చినప్పుడు, వేడుకల బాధ్యత తీసుకున్న నవలాకారుడు వాల్టర్ స్కాట్ అతిథులను హైలాండ్ వేషంలో రమ్మన్నాడు. రాజు కూడా కిల్టు కట్టాడు. ఒకప్పుడు కొండవాళ్ళ బట్టగా చులకనైనది అలా స్కాట్లాండు మొత్తానికీ గుర్తుగా మారింది.

టార్టన్ ఎంపిక

కిల్టు బట్ట మీద ఉండే గళ్ళ నమూనాను టార్టన్ అంటారు. ప్రతి వంశానికీ అనాదిగా ఒక టార్టన్ ఉందన్న నమ్మకం బలంగా ఉన్నా, ఆ జాబితాలు చాలావరకు 19వ శతాబ్దంలో స్థిరపడినవే. 1842లో వెలువడిన ‘వెస్టియారియం స్కోటికం’ అనే గ్రంథం ప్రాచీన రాతప్రతి ఆధారంగా వంశాల టార్టన్లను చూపుతున్నట్లు చెప్పుకుంది. అది కల్పితమని తర్వాత తేలింది, అయినా అందులోని నమూనాలు కొన్ని నేటికీ ఆయా వంశాల పేరిట చెలామణీలో ఉన్నాయి.

ఎవరు ఏ టార్టన్ కట్టాలో చెప్పే చట్టం లేదు, ఉన్నది ఆనవాయితీ మాత్రమే. తండ్రి ఇంటిపేరు, తల్లి పుట్టింటి పేరు, పుట్టిన జిల్లా, పనిచేసిన పటాలం, చదివిన విశ్వవిద్యాలయం, వీటిలో దేన్నయినా ఆధారం చేసుకోవచ్చు. నటుడు షాన్ కానరీ 2000లో ఎడిన్‌బరోలోని హోలీరూడ్ ప్యాలెస్‌లో నైట్ బిరుదు అందుకున్నప్పుడు తల్లి వైపు వంశమైన మెక్లీన్ల టార్టన్ కట్టి వెళ్ళాడు. ఏ సంబంధమూ లేనివారు ముదురు నీలం, ఆకుపచ్చ కలిసిన బ్లాక్ వాచ్ వంటి అందరికీ చెల్లే నమూనాలను ఎంచుకుంటారు. 1853లో రూపొందిన బాల్మోరల్ టార్టన్ రాజకుటుంబానిది, దాన్ని ఇతరులు మామూలుగా కట్టరు. కొత్త నమూనాలను నమోదు చేసే అధికారిక స్కాటిష్ టార్టన్ల రిజిస్టరు 2009లో మొదలైంది.

ఒకే వంశానికి రెండు మూడు రకాలు ఉండడం మామూలే. ఆకుపచ్చ, గోధుమ రంగులు ఎక్కువగా ఉంటే ‘హంటింగ్’, తెలుపు ఎక్కువగా ఉంటే ‘డ్రెస్’ రకం అంటారు. ఒక్క కిల్టే కొనుక్కునేవారికి ముదురురంగు హంటింగ్ రకం పగటికీ రాత్రికీ నప్పుతుంది.

బట్ట, కుచ్చిళ్ళు

ఉన్నిబట్టను గజానికి ఎన్ని ఔన్సుల బరువో చెప్పి అమ్ముతారు. 10, 11 ఔన్సులది తేలిక, 13 ఔన్సులది మధ్యరకం, 16 ఔన్సులది బరువు. బరువైన బట్టకు కుచ్చిళ్ళు పదునుగా నిలుస్తాయి, గాలికి ఎగరవు, నడుస్తుంటే వెనక ఒక లయలో ఊగుతాయి. సంప్రదాయ కిల్టుకు 8 గజాల బట్ట, అంటే సుమారు 7.3 మీటర్లు పడుతుంది. 5 గజాలతో కుట్టిన తేలిక కిల్టులు సాదా వాడకానికి చాలు.

కుచ్చిళ్ళు పెట్టడంలో రెండు పద్ధతులున్నాయి. వెనకనుంచి చూసినా గళ్ళు తెగకుండా ముందున్న నమూనాయే కొనసాగేలా మడవడం మొదటిది. ప్రతి మడతమీదా ఒకే చార నిలువుగా వచ్చేలా మడవడం రెండోది. ఈ రెండోది సైనిక పద్ధతి. మనిషి కదిలినప్పుడు మడతల లోపలి రంగులు బయటపడి మెరుస్తాయి. సంప్రదాయ కిల్టు అడుగున మడిచి కుట్టిన అంచు ఉండదు, మగ్గం మీద నేసిన అంచే కింది అంచు. కాబట్టి కుట్టాక పొడవు సవరించడం దాదాపు కుదరదు.

కొలతలు

ప్యాంటు సైజు చెప్పి కిల్టు కొంటే చాలాసార్లు తప్పుతుంది. ప్యాంటు తుంటిమీద నిలుస్తుంది, కిల్టు బొడ్డు దగ్గర నిలుస్తుంది. టేపును బొడ్డు చుట్టూ ఒకసారి, పిరుదులు వెడల్పుగా ఉన్నచోట ఒకసారి తిప్పి కొలుస్తారు. కింది అంచు మోకాలిచిప్ప పైభాగానికీ నడిమికీ మధ్య ఆగాలి. పాత పరీక్ష ఒకటి ఉంది: మోకాళ్ళమీద నిటారుగా కూర్చుంటే అంచు నేలకు అంగుళం పైన ఉండాలి. నేలమీద పరుచుకుంటే కిల్టు పొడవు ఎక్కువైనట్టే.

కట్టుకునే తీరు

కొత్త కిల్టు కుచ్చిళ్ళు చెదరకుండా దర్జీ అడుగున పొడుగు టాకాలు వేసి ఇస్తాడు. కట్టే ముందు ఆ దారాలు విప్పేయాలి.

కిల్టును వెనకనుంచి నడుముకు ఆనించి, కుచ్చిళ్ళు వీపువైపు సమంగా ఉండేలా రెండు చివరలూ పట్టుకోవాలి. కుడిచేతిలోని లోపలి పొరను పొట్టమీదుగా ఎడమ తుంటికి తెచ్చి, దాని తోలుపట్టీని అక్కడి చీలికలోంచి బయటికి తీసి బకిల్‌కు బిగించాలి. తర్వాత ఎడమచేతిలోని పైపొరను కుడి తుంటి దాకా తెచ్చి పై పట్టీని బిగించాలి. కుడివైపు కింద రెండో పట్టీ ఉంటే దాన్ని వదులుగానే పెట్టాలి. బిగిస్తే తుంటి దగ్గర బట్ట ముడుచుకుంటుంది. కుచ్చులున్న అంచు ఎప్పుడూ మనిషికి కుడిపక్కనే రావాలి. ఆ మూలకు పెట్టే కిల్టు పిన్నును పైపొరకే గుచ్చాలి. రెండు పొరలకూ కలిపి గుచ్చితే నడకలో బట్ట చిరుగుతుంది.

కిల్టుకు జేబులు ఉండవు. ఆ పని ముందు గొలుసుకు వేలాడే స్పోరన్ అనే సంచి చేస్తుంది. అది బెల్టు బకిల్‌కు బెత్తెడు కింద ఉండాలి. మేజోళ్ళ పైభాగాన్ని మోకాలికి మూడు నాలుగు వేళ్ళ కింద మడుస్తారు. లోపల పట్టీలు కట్టి, ఫ్లాషెస్ అనే రంగు రిబ్బన్లు మడత కిందనుంచి కొద్దిగా కనిపించేలా వదులుతారు. కూర్చునేటప్పుడు అరచేత్తో వెనక కుచ్చిళ్ళను కిందికి సర్దుకోవడం అలవాటు చేసుకోవాలి.

లాంఛన సందర్భాలు

సాయంత్రపు విందులకు, పెళ్ళిళ్ళకు ప్రిన్స్ చార్లీ కోటు వాడతారు. ఇది నల్లగా, పొట్టిగా, వెండి గుండీలతో ఉంటుంది. లోపల మూడు గుండీల వెయిస్ట్‌కోటు, తెల్ల చొక్కా, బో టై వేస్తారు. స్పోరన్ వెండి పైపట్టీతో, బొచ్చుతో ఉంటుంది. కాళ్ళకు గిల్లీ బ్రోగ్స్ తొడుగుతారు. ఈ బూట్లకు నాలుక ఉండదు, పొడవాటి లేసులను చీలమండ చుట్టూ తిప్పి ముడివేస్తారు. వెయిస్ట్‌కోటు వేసినప్పుడు బెల్టు పెట్టకపోవడం ఆనవాయితీ. అద్దె దుకాణాలు ఇచ్చే తెల్లని మేజోళ్ళు పెళ్ళి ఫొటోల్లో మామూలైపోయాయి గానీ, సంప్రదాయవాదులు గళ్ళవి గానీ ముదురురంగువి గానీ మేలంటారు.

కుడి మేజోడులో స్కీన్ డూ అనే చిన్న కత్తి పెడతారు, పిడి మాత్రమే పైకి కనిపిస్తుంది. జాతీయ దుస్తుల్లో భాగంగా దీన్ని ధరించడానికి బ్రిటన్ చట్టాలు మినహాయింపు ఇస్తాయి. విమానంలో మాత్రం దీన్ని చేతిసంచిలో తీసుకెళ్ళనివ్వరు.

పగటి వేడుకలకు, ఆఫీసు సమావేశాలకు, అంత్యక్రియలకు ఆర్గైల్ కోటు గానీ ట్వీడ్ కోటు గానీ తగినవి. వీటితో మామూలు టై, తోలు స్పోరన్, సాధారణ నల్ల లేదా గోధుమ బూట్లు వేస్తారు.

సాదా వాడకం

సాదాగా కట్టేటప్పుడు హంగులు తగ్గించుకోవాలి. స్వెటరు గానీ రగ్బీ చొక్కా గానీ, వెడల్పాటి తోలు బెల్టు, అలంకారం లేని స్పోరన్, కిందికి జార్చిన మందపాటి మేజోళ్ళు, నడక బూట్లు చాలు. ‘టార్టన్ ఆర్మీ’గా పేరుపడ్డ స్కాట్లాండు ఫుట్‌బాల్ అభిమానులు జట్టు జెర్సీ కింద కిల్టు కట్టి దేశదేశాలు తిరుగుతారు. 2000లో అమెరికాలోని సియాటిల్‌లో మొదలైన యూటిలికిల్ట్స్ సంస్థ పక్కజేబులున్న నూలు కిల్టులు కుట్టి, టార్టన్‌తో నిమిత్తం లేని మరో రకాన్ని ప్రచారంలోకి తెచ్చింది. ప్రిన్స్ చార్లీ కోటు మీదికి జారుడు మేజోళ్ళు, టీ చొక్కా కిందికి వెండి స్పోరన్ పెట్టడం వంటి కలగాపులగమే ఎబ్బెట్టుగా ఉంటుంది.

లోపల ఏమీ వేసుకోకూడదన్న మాట సైన్యపు ఆచారంగా ప్రచారంలో ఉంది. హైలాండ్ నర్తకులు తప్పనిసరిగా వేసుకుంటారు, అద్దెకు తీసుకున్న కిల్టు విషయంలోనూ అదే మర్యాద.

సంరక్షణ

ఉన్ని కిల్టును తరచు ఉతకరు. కట్టిన తర్వాత గాలికి ఆరబెట్టి, మెత్తని బ్రష్‌తో దులిపి, మరకలుంటే ఆ మేరకే తుడుస్తారు. అవసరమైతే డ్రైక్లీనింగ్‌కు ఇస్తారు. నడుముపట్టీకి క్లిప్పులు పెట్టి వేలాడదీస్తే కుచ్చిళ్ళు చెదరవు. ఇస్త్రీ చేసేటప్పుడు మళ్ళీ టాకాలు వేసి, తడిగుడ్డ మీదుగా పెట్టెతో అదమాలి. ఒళ్ళు పెరిగినా తగ్గినా బకిళ్ళు జరిపి కుట్టించుకునే వీలుంది కాబట్టి, మంచి బరువైన కిల్టును తండ్రి తర్వాత కొడుకు కట్టడం స్కాట్లాండులో అరుదేమీ కాదు. ఎప్పుడో ఒకసారి కట్టేవారికి అద్దె చాలు. ఏటా రెండు మూడుసార్లు అవసరం పడేవారికి కొనడమే లాభం.