కదిలే బొమ్మ నుంచి నిలిచిన బొమ్మకు

అబ్బాస్ కియరోస్తమీ అనగానే చాలామందికి 1997లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం పొందిన ‘టేస్ట్ ఆఫ్ చెర్రీ’ గుర్తుకొస్తుంది. నన్ను మాత్రం ఆయన సినిమాలకు ముందున్న ప్రకటనలూ, వాటి సరసన పెరిగిన ఛాయాచిత్రాలూ కవితలూ ఎక్కువగా ఆలోచింపజేస్తాయి.

ఇరాన్‌లో టెలివిజన్ 1958లో మొదలైంది. 1940లో టెహ్రాన్‌లో పుట్టిన కియరోస్తమీ చిత్రలేఖనం చదువుకుంటూ, ఖర్చులకు ట్రాఫిక్ పోలీసు శాఖలో పనిచేశారు. 1960లలో టెలివిజన్ కోసం సుమారు 150 ప్రకటనలు తీశారు. క్లుప్తత ఆయనకు అక్కడే అలవడిందని నా నమ్మకం. 1970లో ‘కానూన్’ అనే బాలల సంస్థ కోసం తీసిన తొలి లఘుచిత్రంలో ఉన్నదల్లా రొట్టె పట్టుకుని ఇంటికి వెళ్తున్న పిల్లవాడూ, సందులో అతని దారికి అడ్డుపడ్డ కుక్కా. అంతే కథ!

1979 విప్లవం నాటి అలజడిలో సినిమా పని మందగించినప్పుడు ఆయన కెమెరా భుజాన వేసుకుని ఊరవతలి దారులు పట్టారు. మంచు, ఒంటరి చెట్లు, కొండల మీద మెలికలు తిరిగే బాటలు. ఆ చూపే కవితల్లోకీ వచ్చింది. 2001లో హార్వర్డ్ ప్రచురించిన ‘వాకింగ్ విత్ ద విండ్’లోని కవితలు కొద్ది పాదాలకు మించవు. మన ఇస్మాయిల్ గారి హైకూలు చదివినవారికి ఆ రుచి కొత్త కాదు.

ప్రకటనా కురచే, ఈ కవితా కురచే. అయితే రెంటి నీతి వేరు. ప్రకటన చూసేవాడికి సందేహమన్నదే మిగలకూడదు. ఏం కొనాలో తేలిపోవాలి. మంచులో ఒంటరి చెట్టు ఏమీ తేల్చదు. మిగతా కథ మనమే అల్లుకోవాలి. నేర్చిన విద్యను వదలకుండానే దాని ప్రయోజనాన్ని తలకిందులు చేయడం సామాన్యమైన సాహసం కాదు. 2006లో హాఫిజ్ కవితా పాదాలను విడగొట్టి చిన్న చిన్న పంక్తులుగా అచ్చువేసినప్పుడు సంప్రదాయవాదులు మండిపడ్డారు. ఆ కోపమూ అర్థం చేసుకోదగినదే: గజల్‌కు ప్రాణమైన లయను అలా తుంచితే నష్టం లేదనలేం.

2016 జులైలో ఆయన పారిస్‌లో కన్నుమూశారు. మరుసటి ఏడు విడుదలైన ‘24 ఫ్రేమ్స్’లో ఒక పాత వర్ణచిత్రానికీ, తాను తీసిన ఛాయాచిత్రాలకూ ముందూ వెనుకా గడిచివుండే క్షణాలను ఊహించి కదలిక ఇచ్చారు. ఒక్కొక్కటీ నాలుగున్నర నిమిషాలు. నిలిచిన బొమ్మలోనూ కథ ఆగదని నమ్మిన కథకుడి చివరి మాట అది. తీరిక చేసుకుని చూడండి.