నల్ల గుర్రపు రౌతు చెప్పిన గోధుమల ధర

మతగ్రంథాల ప్రస్తావన రాగానే పెదవి విరిచే అలవాటు మన అభ్యుదయవాదుల్లో కొందరికి ఉంది. బైబిలు చివరనున్న ప్రకటన గ్రంథమంటే మరీను. ఏడు తలల మృగం, రాలిపోయే నక్షత్రాలు, నెత్తురుగా మారే నదులు - ఇదంతా ఉన్మాద ప్రలాపమని కొట్టిపారేస్తారు. భక్తుడు మరొక విధంగా పొరబడతాడు. కాలజ్ఞానంలో నేటి పత్రికావార్తలను వెతికే మనవాళ్ళ మాదిరిగానే, అతడు ఆ మృగంలో నెపోలియన్‌ను చూశాడు, హిట్లర్‌ను చూశాడు, చివరకు సరుకుల మీది బార్‌కోడ్‌ను కూడా చూశాడు. ఈ ప్రతీకలు మొదట ఎవరి కోసం పుట్టాయన్న ప్రశ్న ఇద్దరూ వేయరు.

వీటిని మొదట విన్నవారు రోమన్ ఆసియా రాష్ట్రంలో, అంటే నేటి పశ్చిమ టర్కీలో, ఏడు పట్టణాల క్రైస్తవులు. రాసినవాడు పత్మాసు ద్వీపంలో ఉన్న యోహాను అనే ప్రవక్త. ఎంగెల్స్ 1883లోనూ 1894లోనూ ఈ గ్రంథం గురించి రాస్తూ, దీని కాలం క్రీ.శ. 68-69 అన్నాడు. బెర్లిన్‌లో బేనరీ అనే పండితుని వ్యాఖ్యానం ఆయనకు ఆధారం. నేడు ఎక్కువమంది పండితులు డొమిషియన్ చక్రవర్తి చివరి రోజులు, అంటే సుమారు 95 అంటారు. ఎంగెల్స్ చెప్పాడు గనుక 68నే పట్టుకు వేళ్ళాడనక్కరలేదు. ఆయన చూపిన మార్గం ముఖ్యం, తేదీ కాదు.

ఆ మార్గంలో వెళితే 666 అనే సంఖ్యలో మాయ ఏమీ మిగలదు. హీబ్రూలో అక్షరాలే అంకెలు. 'నీరో కైసరు' అన్న పేరును ఆ లిపిలో రాసి కూడితే 666 వస్తుంది. లాటిన్ ఉచ్చారణ ననుసరించి చివరి నకారం తీసేస్తే 616. కొన్ని ప్రాచీన ప్రతుల్లో సరిగ్గా 616 అనే ఉంది! నీరో 68లో చచ్చాడు. చావలేదు, తిరిగి వస్తాడన్న పుకారు తూర్పు రాష్ట్రాల్లో చాలాకాలం నడిచింది. మృగానికి మానిన గాయం అదే. ఇక బబులోను: పూర్వం యెరూషలేము దేవాలయాన్ని కూల్చింది బబులోను, 70లో మళ్ళీ కూల్చింది రోము. విన్నవారికి వేరే వ్యాఖ్యానం కావాలా? చక్రవర్తిని పేరుపెట్టి తిడితే రాజద్రోహం. అంతకు రెండున్నర శతాబ్దాల ముందు గ్రీకు రాజు అంటియోకస్ దౌర్జన్యం కింద నలిగిన యూదులు కూడా దానియేలు గ్రంథంలో మృగాల భాషలోనే మాట్లాడుకున్నారు.

ఇంతవరకూ చాలామందికి తెలిసిన సంగతే. తక్కువమంది పట్టించుకునేది నల్ల గుర్రాన్ని. దాని రౌతు చేతిలో కత్తి లేదు, త్రాసు ఉంది. ఒక దేనారానికి ఒక కొలత గోధుమలు, మూడు కొలతల యవలు అని ధర వినిపిస్తుంది; నూనెకూ ద్రాక్షారసానికీ హాని చేయవద్దని ఆజ్ఞ. దేనారం కూలివాని ఒకరోజు కూలి. ఆ కొలత సుమారు ఒక లీటరు, ఒక మనిషికి ఒకరోజు తిండి. అంటే రోజంతా చాకిరీ చేసినవాడు తన పొట్టకు మాత్రమే గోధుమలు కొనగలడు. పెళ్ళాం బిడ్డలుంటే యవలే గతి.

ఇది కవి కల్పన అనుకుందామా? ఆ ఏడు పట్టణాలకు తూర్పున పిసిదియ అంతియొకయలో ఒక శాసనం దొరికింది. 92-93 ప్రాంతంలో చలి తీవ్రమై ధాన్యం కరువైనప్పుడు గవర్నరు ఆంటిస్టియస్ రస్టికస్ వేయించినది. తమ అవసరానికి మించిన ధాన్యమంతా లెక్కచెప్పి అమ్మాలి. మోడియస్ ఒక్కింటికి దేనారం మించి ధర పెంచరాదు. మోడియస్ అంటే మన కుంచం వంటిది, ఇంచుమించు యెనిమిది కొలతలు. కరువుకు ముందు దాని ధర అర దేనారమే. రౌతు చెప్పిన ధర కరువులో ప్రభుత్వం కట్టిన గరిష్ఠ ధరకే యెనిమిది రెట్లు!

నూనె, ద్రాక్షారసం మాట కూడా గాలిలోంచి రాలేదు. ధాన్యం పండే నేలలో లాభం కోసం ద్రాక్ష వేయడం పెరిగింది. డొమిషియన్ 92 ప్రాంతంలో రాష్ట్రాల్లోని ద్రాక్షతోటల్లో కనీసం సగం నరికివేయమని ఉత్తరువిచ్చి, తర్వాత అమలు జరపలేదు. దాన్ని తప్పించుకోవడానికి ఆసియావారు రోముకు పంపిన వక్త స్కోపెలియన్. అతడు పాఠాలు చెప్పేది స్ముర్నలో, ఆ ఏడు పట్టణాల్లో ఒకదానిలో! ప్రవక్త ఆ ఉత్తరువునే మనసులో పెట్టుకున్నాడని రుజువు చేయలేం. కాని భూస్వామి తోట చెక్కుచెదరక, కూలివాని గంజి ఆవిరైపోవడం అతని శ్రోతలు కళ్ళారా చూసిన విషయం.

అలాగని ఆ సంఘాలన్నీ పేదల సంఘాలే అనుకోవడం మన వైపు జరిగే పొరపాటు. స్ముర్న సంఘం పేదదని గ్రంథమే చెబుతుంది. లవొదికయ సంఘం ధనం కూర్చుకుని, తనకేమీ కొదవలేదనుకుంటోందని మందలిస్తుంది. తుయతైరలో రంగులవాళ్ళకూ తోలుపనివాళ్ళకూ వృత్తి సంఘాలుండేవి. ఆ సంఘాల విందుల్లో దేవతలకు నైవేద్యం పెట్టిన మాంసం తినకపోతే వ్యాపారం సాగదు. తింటే తప్పేమిటన్న ప్రవక్త్రిని యోహాను నిప్పులు చెరిగాడు. ఆమెకు పెట్టిన యెజెబెలు అన్న పేరు కూడా ప్రతీకే. ఇక్కడ యోహాను న్యాయంగా లేడని నా అభిప్రాయం. పొట్టకోసం రాజీపడిన చేతిపనివానినీ పడవలు నడిపించే వర్తకునినీ ఒకే గాట కట్టాడు. ప్రతీకారమంతా ఆకాశానికి అప్పగించి, తనవారిని ఓర్చుకోమన్నాడు. సామ్రాజ్యాన్ని కూల్చే మానవశక్తి ఆనాడు అతనికి కనిపించలేదు.

అయినా బబులోను పతనాన్ని వర్ణించే అధ్యాయం చదవండి. ఏడుస్తున్నది రాజులూ వర్తకులూ నావికులూ. తమ సరుకు కొనేవారు లేరని వర్తకుల దుఃఖం. ఆ సరుకుల పట్టిక ఓడ బిల్లులాగా సాగుతుంది: బంగారం, వెండి, రత్నాలు, ముత్యాలు, ఊదారంగు బట్ట, పట్టు, దంతం, పాలరాయి, దాల్చినచెక్క, ద్రాక్షారసం, నూనె, గోధుమలు, పశువులు, గొర్రెలు, గుర్రాలు, రథాలు. అన్నిటికన్నా చివర బానిసలు. సంతలో బానిసకు వాడుక మాట 'శరీరం'. పట్టిక మొత్తంలో యోహాను వేరే వ్యాఖ్య చేయలేదు. ఆ మాట దగ్గర మాత్రం ఆగి, అవి మనుషుల ప్రాణాలని చేర్చాడు.