మంగలికత్తికి చింతచేవ పిడి

కోలారు జిల్లాలో మన తెలుగోళ్ల ఇండ్లలో పాత నాగలి, రోకలి, విసుర్రాయి ఉంటే వచ్చినవాళ్లకు చూపిస్తారు. మంగలికత్తిని మాత్రం దాచేస్తారు. మా నరసాపురం ఇంట్లో అది ముప్పై ఏండ్లు ట్రంకుపెట్టె అడుగునే ఉండిపోయింది. "ఆ కత్తి ఇంకా ఎందుకు, పారేయండి" అన్న పెద్దవాళ్లూ ఉన్నారు. కులం పేరును తిట్టుగా విన్నవాళ్ల బాధ అది. మేము పారేయకుండా బాగు చేసుకున్నాం.

వెనకట ఊరికి పన్నెండు మంది ఆయగార్లు అని లెక్క. కమ్మరి, వడ్ల, కుమ్మరి, చాకలి, మంగలి అందరూ అందులో వస్తారు. మంగలి ఇంటి మగవాళ్లు క్షవరం చేసేవాళ్లు, పెండ్లిళ్లలో సన్నాయి ఊదేవాళ్లు. ఆడవాళ్లు కాన్పులు చేసేవాళ్లు. ఏడాది చాకిరీకి కూలి కళ్లంలో కొలిచే రాగులు. ఎంత కొలవాలన్నది రైతు మనసును బట్టి ఉండేది.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ కోలారు బంగారు గనుల పని మొదలుపెట్టింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి మన తెలుగువాళ్లు వేలల్లో వచ్చి కూలీ లైన్లలో కాపురం పెట్టారు. వాళ్లందరికీ క్షవరం కావాలి కదా! మా ముత్తాత కత్తి, సానరాయి, తోలుపట్టా సంచిలో వేసుకుని కేజీఎఫ్ చేరాడని ఇంట్లో చెబుతారు. అక్కడ తలకింత అని చేతికి డబ్బు వచ్చేది. కళ్లం దగ్గర చేతులు కట్టుకుని నిలబడే పని తప్పింది. మా ఇంట్లో మొదటిసారి పలక పట్టింది ఆ డబ్బుతోనే.

కత్తి మెడ మీద సోలింగెన్, జర్మనీ అనే ముద్రలున్నాయి. 1887లో బ్రిటన్ చేసిన చట్టం వల్ల అక్కడ అమ్మే పరదేశపు సరుకు మీద తయారైన దేశం పేరు వేయాల్సి వచ్చింది. అట్లాంటి ముద్రలు ఆ తర్వాతే మామూలయ్యాయి. అలుగు వెడల్పు సగం దాకా అరిగిపోయింది. ఏండ్ల తరబడి సానరాయి మీద నూరిన గుర్తు అది.

పాత పిడి సెల్యులాయిడ్‌ది. అది కుళ్లితే వచ్చే ఆవిరి ఉక్కును తింటుంది, అందుకే తీసేయాల్సి వచ్చింది. ముందు రివిట్ల తలలను ఆకురాయితో అరగదీసి విప్పాం. తుప్పును నూనె రాసి, సన్నని వాటర్ పేపర్‌తో చేత్తోనే రుద్దాం. మిషను చక్రం పెడితే ఉక్కు వేడెక్కి గట్టితనం పోతుంది.

కొత్త పిడికి విరిగిపోయిన అవ్వ రోకలి పనికొచ్చింది. చింతచేవ, నల్లగా రాయి లాంటి కట్టె. మూడు మిల్లీమీటర్ల మందంలో రెండు చెక్కలు కోసి, జతగా అతికించి ఒకేసారి తొలిచాం. తోక దగ్గర రెండింటి మధ్య చిన్న చీల పెట్టాలి. అది సరిగ్గా కూర్చుంటేనే మూసినప్పుడు అలుగు నడిమధ్యకు వస్తుంది, చెక్కకు తగలదు. ఇత్తడి కంబి దూర్చి, చిన్న సుత్తితో మెల్లగా కొట్టి తలలు తేల్చాం. చివరికి అవిసె నూనె పూసి ఆరబెట్టాం.

ముద్రను, అరుగుదలను, నల్లటి గుంటలను మాత్రం ముట్టుకోలేదు. వాటిని చెరిపేస్తే కత్తి కొత్తగా కనిపిస్తుంది గానీ ఎవరు ఎంత పని చేశారో తెలియకుండా పోతుంది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఎయిడ్స్ భయంతో సెలూన్లలోకి మనిషికో బ్లేడు వచ్చి ఇట్లాంటి కత్తులూ మూలపడ్డాయి. మీ ఇంట్లో ఒకటి ఉంటే తూకానికి వేయకండి. తడి తగలకుండా కొబ్బరినూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టండి. అది ఎవరిది, ఏ ఊర్లో పని చేసింది అని పెద్దవాళ్లు ఉండగానే అడిగి ఒక చీటీ మీద రాసి దానితోపాటు ఉంచండి.