ఉప్పు, పంది, ఊరి పేరు

పోర్క్ పై పుట్టుక గురించి చదువుతుంటే నన్ను మొదట ఆపింది దాని పైపెచ్చు. ఇవాళ దాన్నీ తింటున్నారు గానీ, మధ్యయుగాల ఇంగ్లండులో ఆ పిండి గోడ గిన్నెకు బదులు. మందంగా కలిపిన పిండిలో మాంసం పెట్టి మూసి కాల్చేవారు. గాలి తగలదు కాబట్టి కొన్నాళ్లు నిలవుండేది. ఆ పెచ్చును 'కాఫిన్' అనేవారు, శవపేటికకు వాడే మాటే! పిండిని వేడినీళ్లు, పందికొవ్వుతో కలపడం, కాలాక ఎముకల రసం పోసి సందులు పూడ్చడం తర్వాత వచ్చాయి. లెస్టర్‌షైర్‌లోని మెల్టన్ మౌబ్రే చుట్టూ స్టిల్టన్ జున్ను తీయగా మిగిలిన విరుగుడు నీళ్లు పందులకు పోసేవారు. జున్ను చేసింది ఎక్కువగా రైతుల ఇళ్ల ఆడవాళ్లు. ఆ పందుల మాంసం కూలీల చేతిసంచుల్లోకీ, నక్కల వేటకొచ్చిన దొరల చేతుల్లోకీ చేరింది. 1831లో ఎడ్వర్డ్ ఆడ్‌కాక్ దాన్ని లండన్ పంపడం మొదలుపెట్టాడు. 2009లో యూరోపియన్ యూనియన్ ఆ ఊరిపేరుకు చట్టరక్షణ ఇచ్చింది. ఆడ్‌కాక్ పేరు మిగిలింది, విరుగుడు మోసిన వాళ్ల పేర్లు మిగల్లేదు. ఎక్కడైనా ఇంతేగా!

ఇదంతా నాకెందుకంటే, మాది సముద్రపొడ్డున రామాపురం. మా ఇంట్లో పందిమాంసం మాట అన్నం దగ్గర ఎత్తనిచ్చేవారు కాదు. కానీ అసహ్యమంతా మాంసం మీద కాదనిపిస్తుంది. 1530లలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు వ్యాపారి నూనిజ్, రాజులు పందిమాంసం తింటారనే రాశాడు. అడవిపందిని వేటాడితే రాజసం, ఊరపందిని పెంచితే అంటు. తేడా పందిలో లేదు, పెంచే మనిషి కులంలో ఉంది.

మా ప్రాంతంలో పెంచింది ఎరుకలవాళ్లు. పెళ్లికో జబ్బుకో అమ్ముకునే పంది వాళ్లకు దాచుకున్న డబ్బు. కుడితీ తవుడూ పోగుచేసి మేపడం చాలావరకు ఆడవాళ్ల చాకిరీ. ఈతాకు బుట్టలల్లడం, ఊరూరా తిరిగి ఎరుక చెప్పడం కూడా వాళ్లదే. వాళ్లలో ఉప్పు ఎరుకలని ఒక శాఖ ఉంది. చినగంజాం కొటార్ల లాంటి చోట్లనుంచి ఉప్పును ఎద్దుల మీదా గాడిదల మీదా లోపలి ఊళ్లకు మోసి, ధాన్యం తెచ్చేవారు. మాంసమైనా చేపైనా నిలవుండాలంటే ఉప్పే దిక్కు కదా. మద్రాసు రాజధానిలో 1805 నుంచి ఉప్పు కుంపిణీ గుత్తసొత్తయింది. ఆ మీద రైళ్లు వచ్చి ఆ సరుకునే ఎక్కించుకుపోయాయి. ఆ బేరం ఎలా పోయిందో మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన 'డిసానర్డ్ బై హిస్టరీ'లో వివరంగా రాసింది. బేరం పోయినవాళ్ల తిరుగుడే ప్రభుత్వం కంటికి నేరంగా కనబడింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసుకూ వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వ పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరుమీద అది స్టువర్టుపురం.

ఇక్కడ మన చరిత్రకారులు దొంగతనం గురించి, సంస్కరణ గురించి చాలా రాశారు. నేను ఆగేది హాజరుపట్టీ దగ్గర. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. మరి ఎరుక చెప్పే స్త్రీ పనంతా ఊరు దాటడమేగా? బుట్టలు ఎవరికమ్మాలి? మగాడికి పొలం చూపించారు, చీరాల పొగాకు కంపెనీలో కూలి చూపించారు. ఆమెకూ పొగాకు కూలి దొరికింది, నిజమే. కానీ గడప గడపకూ తిరిగి తన నోటితో తాను సంపాదించుకున్న బియ్యమూ, ఆ దారి పొడుగునా ఉండే ఆమె స్వేచ్ఛా ఏ రిజిస్టరులో లెక్కకొచ్చాయి? ఇంట్లో పోర్క్ పై తిని పెరిగిన దొరలే పంది మేపేవాళ్లను కంచెలో పెట్టారన్నది నన్ను వదలని సంగతి.

1952లో చట్టం రద్దయింది. 1970ల నుంచి హేమలతా లవణం ఆ ఊళ్లో పనిచేశారు. ఊరి పేరు మాత్రం వదల్లేదు. 1991లో ఒకే ఏడాది 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్', 'స్టువర్టుపురం దొంగలు' సినిమాలు వచ్చాయి. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు'. మెల్టన్ మౌబ్రే పేరు వాడాలంటే అనుమతి కావాలి. స్టువర్టుపురం పేరు వాడటానికి అక్కడి ఆడవాళ్లనెవరూ అడగలేదు.