గోడ మీది ఎలుగుబంటి

జగదల్‌పూర్‌లో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం ఇంట్లో గోడకు నీలిరంగు పింగాణీ పళ్లెం వేలాడుతుండేది. మధ్యలో ఎలుగుబంటి, చుట్టూ వేటగాళ్లు. "ఇది మన బస్తర్ అడవేనండీ. మా మామగారికి రాజావారు ఇచ్చారు" అని ఆ ఇంటి పెద్దావిడ చెప్పేవారు. నేనూ నమ్మి మా ఆఫీసులో పదిమందికి చెప్పాను. రక్షణ శాఖ లెక్కల్లో వోచరు లేనిదే రూపాయి పాస్ చెయ్యనివాణ్ణి, ఇక్కడ ఆధారం అడగలేదు సుమా!

రిటైరయ్యాక ఒకసారి వెళ్తే ఇంటికి సున్నాలు వేస్తున్నారు. పళ్లెం దింపి ఉంది. వెనక్కి తిప్పాను. 'స్పోడ్' అన్న ముద్ర, 'డెత్ ఆఫ్ ది బేర్' అని బొమ్మ పేరు, రెండూ ఇంగ్లీషులో ఉన్నాయి.

స్పోడ్ అనేది ఇంగ్లండులో స్టోక్ పట్టణపు కంపెనీ. పింగాణీ అని మనం అనడమేగాని ఇది కాల్చిన మట్టే. రాగిరేకు మీద బొమ్మ చెక్కి, నూనెలో కలిపిన కోబాల్టు నీలం పట్టించి, పల్చటి కాగితం మీద అచ్చు తీస్తారు. ఆ కాగితాన్ని ఒకసారి కాల్చిన పళ్లేనికి రుద్ది అంటించి, నీళ్లతో కడిగేస్తారు. నూనె పోయేలా వేడిచేసి, పైన గాజుపూత పూసి మళ్లీ కాలుస్తారు. అంచు నగిషీలో కాగితం ముక్కలు కలిసేచోట అతుకు కనబడుతుంది. ఈ పళ్లెం మీదా కనబడింది. అంటే చేత్తో వేసిన బొమ్మ కాదు, ఒకే రేకుతో ఎన్నో పళ్లేలకు అచ్చేసిన బొమ్మ.

మరి ఆ అడవి ఎక్కడిది? బెంగాల్ సైన్యంలో పనిచేసిన కెప్టెన్ థామస్ విలియమ్సన్ వేట గురించి రాసిన 'ఓరియెంటల్ ఫీల్డ్ స్పోర్ట్స్' 1807లో లండన్‌లో వచ్చింది. అతని నమూనాలు చూసి బొమ్మలు వేసిన శామ్యూల్ హోవిట్ మన దేశంలో అడుగే పెట్టలేదు! ఆ బొమ్మలనే స్పోడ్ 1815 ప్రాంతంలో పళ్లేలకెక్కించింది. అప్పటికి బస్తర్ నాగపూర్ భోంస్లేలకు కప్పం కట్టే రాజ్యం. నాగపూర్‌తోపాటు ఇంగ్లీషువారి చేతికి వచ్చింది 1854లో. రాజావారు పళ్లెం ఇచ్చి ఉండొచ్చు, కాదనను. ఆ అడవి మాత్రం బస్తర్‌ది కాదు.

చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించి, చెప్పేశాను.

"అయితే మా మామగారు అబద్ధమాడారంటారా?" అన్నారావిడ.

"ఆయనకూ ఎవరో చెప్పి ఉంటారమ్మా, నాకు మీరు చెప్పినట్టే."

నాకు కాఫీ ఇమ్మని కోడలికి చెప్పారు గాని, ఆ పూట మళ్లీ నాతో మాట్లాడలేదు.